కుంకుమ అనుకుని తుడిచేశాను

పోయిన కార్తీకంలో ఒక సోమవారం పొద్దున ఇల్లు తుడుస్తూ ఉంటే, పూజ గది గడప నుంచి వంటింటి దాకా నేల మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. అడుగుకొకటి. అప్పటికి మా ఆయన అయ్యప్ప మాల వేసుకుని ఇరవై రెండో రోజు. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా విభూది, గంధం, కుంకుమ. "కుంకుమ తొక్కి ఇల్లంతా పూస్తా ఉండారు, నాకింక వేరే పనే లేదనుకున్నారు" అని ఆయనకు వినబడేలాగే గొణిగి తుడిచేశాను. మంగళవారం కూడా మచ్చలే. మంగళవారం కూడా తుడిచేశాను. రెండు రోజులు మొగుడి రక్తాన్ని కుంకుమ అనుకుని తడిగుడ్డతో తుడిచి బకెట్లో పిండాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను, ఇంకో ఇంట్లో ఇంకొకామె ఇదే పని చేస్తూ ఉండొచ్చు కాబట్టి.

బుధవారం వాసన మొదలైంది. ఎలుక చచ్చిందేమో అనుకుని కుట్టు మిషన్ కింద, గుడ్డపీలికల మూటల వెనక అంతా వెతికాను. మా ఆయన పూజ ముగించి వచ్చి పక్కన నిలబడితే అప్పుడు అర్థమైంది, వాసన ఆయన దగ్గర నుంచే వస్తోంది.

మా గురించి రెండు మాటలు చెప్పాలి. నా పేరు సుగుణ. పుట్టిల్లు ఐరాల పక్కన పల్లె, ఉండేది తిరుపతిలో. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన మునిరత్నం, మోటార్లకు వైండింగ్ కట్టే పని. మేనమామ కొడుకే కాబట్టి నేను మామా అని పిలుస్తాను. మాల వేశారంటే మాత్రం నేను స్వామీ అనాలి, ఆయన నన్ను మాతా అనాలి. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మొగుడు ఇడ్లీ ముందు కూర్చుని "మాతా, రోంత చెట్నీ" అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సరే, ఆచారం కదా అని ఆరేళ్లుగా నోరు మూసుకుని వేస్తున్నాను.

ఆ బుధవారం మాత్రం నోరు మూసుకోలేదు.

"స్వామీ, కాలెత్తు."

"ఎందుకు మాతా?"

"ఎత్తమంటే ఎత్తు."

కుడి పాదం, రెండో వేలి మొదట్లో, కింది వైపు నల్లగా ఒక రంధ్రం. చుట్టూ చర్మం నీళ్లలో నానినట్టు తెల్లగా ఉబ్బి ఉంది. నొక్కితే చీము. "ఇంత పుండు పెట్టుకుని ఎట్లా నడస్తా ఉండావు, నొప్పి లేదా?" అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "పుండా? యాడ?" అని వంగి చూసుకోబోయారు. పొట్ట అడ్డమొచ్చి కనబడలేదు.

ఆయనకు పదకొండేళ్లుగా షుగర్. మాత్రలు రాసిచ్చే డాక్టరు పోయిన ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని. మామూలు రోజుల్లో వేసుకునేవారు. మాల వచ్చిందంటే ఒట్టి కాళ్లే. ప్రతి ఏడూ ఇంట్లో ఇదే గొడవ. షుగర్ ఉన్నవాళ్లు వేసుకోవచ్చట కదా అని నేను, "ఇన్నేండ్లుగా ఏసుకోకుండానే తిరిగినా, ఏమైనాది?" అని ఆయన. ఏమీ కాలేదన్న ఆ ఒక్క మాటతో నా నోరు మూయించేవారు. ఏమీ కానంత కాలం అది తిరుగులేని మాటే.

పుండు చూసిన రోజే ఆసుపత్రికి పోయి ఉండాలి. పోలేదు. మా వాళ్లందరిలాగే పసుపు, ఆముదం కలిపి పూశాం. మందుల షాపు అతను ఒక ట్యూబ్ ఇచ్చాడు. అట్లా మూడు రోజులు పోయాయి. ఆ మూడు రోజులూ ఆయన తెల్లవారక ముందే లేచి చన్నీళ్ల స్నానం చేసి, ఆ కాలితోనే వీధి చివర భజన మందిరానికి నడిచిపోయి వచ్చారు. శనివారం మధ్యాహ్నం చలి పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు. అప్పుడు ఆటో పిలిచాను. ఆ మూడు రోజుల విషయంలో నా మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

ఆసుపత్రిలో సర్జన్ చిన్న వయసు అమ్మాయే. ఆయన్ని పడుకోబెట్టి, "కళ్లు మూసుకోండి స్వామీ. కాలికి ఏదైనా తగిలినట్టు ఉంటే చెప్పండి" అంది. చేతిలో సన్నటి నైలాన్ దారం లాంటిది. దాన్ని వేళ్ల మీద, అరికాలి మీద, మడమ మీద ఒక్కొక్క చోట ఆనించి వంచుతోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. పది చోట్ల పెట్టింది. ఈయన పలకరే. కాసేపటికి కళ్లు మూసుకునే అడిగారు:

"మేడం, మొదలుపెట్టినారా?"

డాక్టరమ్మ నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను.

"అమ్మా, దీన్ని న్యూరోపతీ అంటారు. షుగర్ వల్ల నరాలు చచ్చుబడి స్పర్శ పోయింది. నొప్పి లేదని ఈయన ధైర్యంగా ఉన్నారు. నొప్పి ఉండుంటే మొదటి రోజే పరిగెత్తుకుంటూ వచ్చేవారు" అంది.

తర్వాత ఎక్స్‌రే. ఫిల్ము వెలుతురుకు పెట్టి "లోపల ఫారిన్ బాడీ ఉంది" అంది. అంటే ఏమిటని అడిగితే వేలు పెట్టి చూపించింది. ఎముకల మధ్య అరంగుళం తెల్లటి గీత, ఒక చివర చిన్న గొడుగు. చదువు రాని వాళ్లు కూడా చెప్పగలరు, అది మేకు. కాలిలో మేకు పెట్టుకుని ఎన్ని రోజులు నడిచారో ఆయనకే తెలియదు. ఎముకకు చీము పట్టిందట, ఆస్టియోమైలైటిస్ అంది. రక్తంలో షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. డాప్లర్ చేసి, రక్తప్రసరణ ఫరవాలేదు, అదొక్కటే మన అదృష్టం అంది.

"రెండో వేలు తియ్యాలి. రేపు పొద్దున్నే. ఆలస్యం చేస్తే పాదం పోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే మోకాలి కింద దాకా."

నేను గోడ పట్టుకున్నాను. మా ఆయన మాత్రం మోటారు రిపేరుకు గడువు అడిగినట్టు అడిగారు. "మేడం, ఇంకా పద్నాలుగు దినాలు. ఇరుముడి కట్టుకోని శబరిమల పొయ్యొచ్చినాక చేపిచ్చుకుంటా. మాలలో ఉండంగా కత్తి పెట్టించుకోకూడదు."

ఆమె కలం కింద పెట్టింది. "పద్నాలుగు రోజుల తర్వాత ఏ కాలితో ఎక్కుతారు స్వామీ?"

ఆయన వినలేదు. మొండికేశారు. శ్రీకాళహస్తి నుంచి మా అమ్మాయి ఫోన్లో ఏడ్చింది, వినలేదు. నేను తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను. చివరికి గురుస్వామికి ఫోన్ చేశాను. ఆయన చెంగల్రాయులు గారు, డెబ్బై దాటిన మనిషి. మా ఆయనకు ఏటా మాల వేసేది ఆయనే. టౌన్ బస్సు పట్టుకుని గంటలో వచ్చారు. మంచం పక్కన కూర్చుని, కాలు చూసి, దుప్పటి మళ్లీ కప్పారు. తర్వాత అన్నారు:

"మాల ఏసిన దినమే నీకు సెప్పినా కదా స్వామీ, షుగర్ ఉండాది, సెప్పులు ఏసుకోమని. మర్సిపోయినావా?"

నేను గిరుక్కున మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

"గురుస్వామి సెప్పినారా?" అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది.

"సెప్పినారా లేదా?"

"సెప్పినారు" అన్నారు మెల్లగా. "అందురూ వొట్టికాళ్లతో ఉంటే నేనొగణ్ణే సెప్పులేసుకోని నిలబడితే ఏమనుకుంటారు?"

ఏమనుకుంటారు! ఇన్నేళ్లుగా ఇంట్లో నాతో వాదించింది దేవుడి కోసం అనుకున్నాను. దేవుడి తరఫున మాట్లాడవలసిన మనిషి మొదటి రోజే సెలవిచ్చేశాడు. ఈయన దాచిపెట్టింది పక్క వరసలో నిలబడే నలుగురు స్వాముల కోసం. ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. నర్సు వచ్చి "అమ్మా, వార్డు" అంది. గురుస్వామి ఒక్కరే శాంతంగా ఉన్నారు. "కాలు పోగొట్టుకోని రమ్మని ఆ స్వామి నీకు కబురు పంపినాడా? మాల నేనేసినా, నేనే తీస్తా. తప్పుంటే నా మీద ఉండనీ" అని శరణు చెప్పుకుంటూ మెడలో నుంచి మాల తీసి, కళ్లకద్దుకుని, తన పైకండువాలో చుట్టుకున్నారు.

వేలు పోతుందన్నప్పుడు రాని ఏడుపు మా ఆయనకు అప్పుడొచ్చింది. పసిబిడ్డలాగా ఏడ్చారు. అంత కోపంలోనూ నాకు జాలేసింది. మాల అంటే ఆయనకు నిజంగానే ప్రాణం. అది అబద్ధమని నేనెప్పుడూ అనను.

ఆదివారం పొద్దున ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మేకు వేసి నా చేతికిచ్చింది. తుప్పు పట్టిన మేకు, వెడల్పు తల. ఎక్కడో చూసినట్టు ఉంది. సాయంత్రం బట్టల కోసం ఇంటికి పోయినప్పుడు అటక మీద పెట్టె తీసి చూశాను. అందులో అవే మేకులు సగం పొట్లం మిగిలి ఉన్నాయి. వినాయక చవితి పందిరివి. సరుగుడు కట్టెలకు శాటిన్ గుడ్డ బిగించడానికి మా ఆయనే ఏరికోరి తెచ్చినవి.

మా వీధి పందిరికి పద్నాలుగేళ్లుగా ఆయనే పెద్ద. కట్టేటప్పుడు చూడాలి ఆ శ్రద్ధ, ముడి ముడికీ కొలతే. పీకేటప్పుడు? నిమజ్జనం రోజు ట్రాక్టర్ వచ్చి నిలబడుతుంది, డప్పులు మోగుతుంటాయి, పిల్లా పెద్దా ఎగురుతుంటారు. ఆ ఊపులో గుడ్డలు పర్రున చించి, కట్టెలు లాగి పక్కన పడేస్తారు. మేకులు ఎక్కడివక్కడ మట్టిలో. రెండు నెలల తర్వాత అదే వీధిలో, చీకటితోనే, ఒట్టి కాళ్లతో, స్పర్శ లేని పాదాలతో ఈయన భజనకు నడిచారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని మా అమ్మ అంటూ ఉండేది. ఇంత కచ్చితంగా పడతారని నాకు తెలియదు.

వేలు తీస్తే అయిపోతుందనుకున్నాం. కాలేదు. ఎనిమిదో రోజున కుట్ల పక్కన చర్మం నల్లబడింది. మళ్లీ లోపలికి తీసుకుపోయి చచ్చిన కండ అంతా తీశారు, డీబ్రైడ్‌మెంట్ అంటారు. చీములో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్ట్ వచ్చాక యాంటీబయాటిక్ మార్చారు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. ఎర్రదనం పాదం మీదుగా పైకి పాకుతోంది. డాక్టరమ్మ ఆ ఎర్రదనం అంచున నీలం పెన్నుతో గీత గీసి, "ఇది దాటి పైకి పోకూడదు. రెండు రోజులు చూస్తాం. చీలమండ దాటితే నేను ఇంకో మాట చెప్పాల్సి వస్తుంది" అంది.

ఆ రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. కుట్టుపనిదాన్ని కదా, బ్యాగులో టేపు ఉంది. మడమ నుంచి ఎర్రదనం అంచు దాకా మూడు పూటలా కొలిచేదాన్ని. నర్సులు నవ్వుకున్నారు. మొదటి రోజు గీత మీదే ఉంది. రెండో రోజు పొద్దున గీతకు పైన ఒక పావంగుళం. సాయంత్రం మళ్లీ గీత దగ్గరికి వచ్చింది. మూడో రోజు అరంగుళం కిందికి దిగింది. డాక్టరమ్మ చూసి, "మీ టేపు మంచిదే అమ్మా" అని మాత్రం అంది. పక్కకు పోయి ఏడ్చేశాను.

ఈ మధ్యలో చూడవచ్చేవాళ్లు. వాళ్ల గురించి రాయకపోతే నా కడుపు మంట తీరదు. ఒకామె "స్వామి పరీక్ష పెట్టినాడు" అంది. ఇంకొకాయన "కర్మ" అన్నాడు. పందిరి పనుల్లో మా ఆయనకు కుడిభుజం నాగరాజు, ఎదురింటి వాడు, యాపిల్స్ పట్టుకొచ్చి కూర్చుని, గొంతు తగ్గించి నన్ను అడిగాడు:

"వొదినా, తప్పుగా అనుకోవద్దు. మాలలో ఉండంగా ఇంట్లో మడి సరిగ్గా సూసుకున్నారా? యాడన్నా తప్పు జరిగితే స్వామి ఊరుకోడు."

అంటే తప్పు నాది! నాలుగ్గంటలకు లేచి, తల స్నానం చేసి, ఉల్లి, వెల్లుల్లి ఇంట్లోకి రానియ్యకుండా ఇరవై ఏడు రోజులు వండిపెట్టిన నాది! బ్యాగులో నుంచి డబ్బీ తీసి అతని చేతిలో పెట్టాను.

"సూడు నాగరాజా. మీ పందిలి మేకు. స్వామి పంపినాడా దీన్ని? మీరిద్దరే కదా పందిలి పీకినారు?"

అతను డబ్బీని అటూ ఇటూ తిప్పి చూశాడు. యాపిల్స్ పెట్టి పోయాడు.

మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చాం. పుండు మానడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. రోజూ డ్రెస్సింగ్, బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పు, చక్రాల కుర్చీ. ఆయన కిటికీ దగ్గర కూర్చుని దిగాలుగా ఉండేవారు. మాల మధ్యలో తీయించుకున్నానన్న బాధ లోపల తొలుస్తోంది. ఒక రోజు అన్నం తింటూ తింటూ ఆగి చెప్పారు:

"సుగుణా, మొక్కుకున్నా. ఈ కాలు నయమైతే తిరుమలకు మెట్లదోవన పోతా. మోకాలి మెట్టు కాడ మోకాళ్లతో ఎక్కతా."

గరిటె నా చేతిలోనే ఉంది. విసరలేదు, అంతే.

"కాలి వేలు పొయ్యింది సాల్లేదా మామా, ఇంక మోకాళ్లా? ఏ మొక్కు మొక్కినా నీ ఒంటినే కోసిస్తావు. చవితికి పందిలి, కార్తీకంలో మాల, ఇంకో పక్క గంగమ్మ జాతర. ఊరంతా వొట్టికాళ్లతో నడిసేదే. నడిసే దోవ గురించి ఒగడన్నా మొక్కినాడా? మొక్కేదుంటే ఈ వీధికి మొక్కు. మేకు లేకుండా సేస్తానని మొక్కు. నీ షుగరు అదుపులో పెట్టుకుంటానని మొక్కు. అప్పుడు నీతోపాటు నేనూ మొక్కుతా."

కోపంలో అన్న మాటే. కానీ అన్నాక నాకే బాగుందనిపించింది. డాక్టరమ్మ మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలలకోసారి చేయించమంది. మాకు మూడు నెలలంటే గుర్తుండదు, పండగంటే గుర్తుంటుంది. క్యాలెండర్ తీసి నాలుగు చోట్ల రాశాను. శివరాత్రి ముందు, జాతర ముందు, నిమజ్జనం మర్నాడు, కార్తీకంలో మాల వేసే ముందు. ఆ నాలుగు రోజులూ పొద్దున పరగడుపున రక్తం ఇచ్చి రావాలి, కాలు డాక్టరుకు చూపించాలి, వచ్చి వీధిలో మేకులు ఏరాలి. మూడూ చేస్తేనే మొక్కు తీరినట్టు. ఒకటి ఎగ్గొట్టినా తీరనట్టే. ఆయన పసుపు గుడ్డలో ముడుపు కట్టారు. అది లేకుండా ఆయనకు మొక్కు మొక్కులా ఉండదు.

మేకులు ఏరడమంటే ఎట్లా? రోజూ వీధి ఊడ్చే మంగమ్మను అడిగాను, నువ్వు రోజూ ఊడుస్తావు కదా, మేకులు ఎందుకు పోవడం లేదని. ఆమె చీపురు ఆనించి నిలబడి నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"సీపురుకు ఆకులొస్తాయక్కా. మేకులు మట్టిలో దిగబడిపోతాయి. అవి వచ్చేది మా కాళ్లకే."

"నీకూ గుచ్చుకున్నాయా?"

"గుచ్చుకోకుండా? ఈ రబ్బరు సెప్పులకు ఏం ఆగతాయి? మీ ఇంటాయన కాలికి గుచ్చుకునింది కాబట్టి నువ్వు ఈ పొద్దు అడగతా ఉండావు."

అది నిజం. ఆమె మాకు పద్నాలుగేళ్లుగా వీధి ఊడుస్తోంది. నేనెప్పుడూ ఆమె కాళ్లు చూడలేదు. తలెత్తలేకపోయాను.

అయస్కాంతం ఆలోచన నాదే. కింద పడిన గుండుసూదులు ఏరుకోవడానికి మిషన్ దగ్గర ఒకటి ఎప్పుడూ పెట్టుకుంటాను. మా ఆయన షాపులో పాడైపోయిన పెద్ద స్పీకర్లు రెండు ఉంటే, వాటి అయస్కాంతాలు ఊడదీసి, ఒక పలకకు బిగించి, తాడు కట్టారు. శివరాత్రి ముందు రోజు ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చాక, ఆయన్ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాను. నాగరాజును పిలిచాను. రానంటాడేమో అనుకున్నాను. మారుమాట లేకుండా వచ్చి తాడు పట్టుకుని వీధి మొదటి నుంచి లాగుకుంటూ బయలుదేరాడు. పదడుగులు పోయేసరికి పలక కింద ముళ్లపంది ముళ్లలా లేచి నిలబడ్డాయి. పందిరి మేకులు, బ్లేడు ముక్కలు, సీసా మూతలు, సైకిల్ చువ్వలు. ప్రతి ఇంటి ముందూ ఆగి దులిపాడు, మంగమ్మ డబ్బాలోకి ఎత్తింది. వీధి అంతా బయటికొచ్చి నిలబడింది. నేను నడుము మీద చెయ్యి పెట్టుకుని, చూసుకోండి మీ నిర్వాకం అన్నట్టు ముందు ముందు నడుస్తున్నాను.

మా గేటు ముందుకొచ్చేసరికి పలక బరువెక్కింది. తిప్పి చూశారు. మేకులు తక్కువే. సన్నగా, తళతళమంటూ గుండుసూదులు. వాటి మధ్య విరిగిన మిషన్ సూదులు. గుప్పెడు. వీధిలో కుట్టుపని చేసేది నేనొక్కదాన్నే. ఏళ్లుగా పీలికలతో పాటు ఊడ్చి వాకిట్లోకి తోసినవన్నీ అక్కడే ఉన్నాయి.

"వొదినా," అన్నాడు నాగరాజు ఎంతో మర్యాదగా, "ఇవి యాడివి?"

కుర్చీలో నుంచి మా ఆయన మొదలుపెట్టారు నవ్వడం. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది అప్పుడే. "ఏం మాతా, ఇది గూడా స్వామి పరీక్షేనా?" అన్నారు. అందరూ నవ్వారు, మంగమ్మ అందరికంటే గట్టిగా. నాకు ఒళ్లు మండిపోయింది, ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను. కాసేపటికి తలుపు వెనక నాకే నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి విరిగిన సూదులన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి పాత ఇనుము వాడికి ఇస్తున్నాను. ఆయన కాలిలో దిగింది పందిరి మేకే కావచ్చు. నా సూది కాకపోవడం నా గొప్పేమీ కాదు.

అంతటితో వీధి మారిపోయిందనుకునేరు. జాతర ముందు పది మంది వచ్చారు. నిమజ్జనం మర్నాడు ముగ్గురు. మిగతావాళ్లకు ఒళ్లు నొప్పులు, రేపు చేద్దామన్నారు. రేపు అంటే గోడ మీద రాసుకోవాల్సిందే. నేనే తాడు పట్టుకుని లాగాను. మా ఆయన గొడుగు కింద కూర్చుని "ఆ పక్క వదిలేసినావు, ఈ పక్క వదిలేసినావు" అని చెబుతూ ఉంటే తాడు ఆయన మెడకే వెయ్యాలనిపించింది. పందిరి పీకేటప్పుడు మాత్రం ఈసారి నాగరాజు ముందే గోనెసంచులు పరిపించాడు. మేకులు సగం అందులోనే పడ్డాయి. సగమే.

రక్తం మాత్రం నాలుగుసార్లూ ఇచ్చాం. షుగర్ దిగింది. పూర్తిగా దిగలేదు, చక్కెర పొంగలి ఎక్కడ కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. పాదం మిగిలింది. వేలు ఉండాల్సిన చోట స్పాంజి పెట్టి, షుగర్ వాళ్ల కోసం చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకుని, కొంచెం ఒక పక్కకు ఒరిగి నడుస్తారు. షాపుకు పోతున్నారు.

ఈ కార్తీకంలో మళ్లీ మాల వేస్తానన్నారు. నేను వద్దనలేదు. డాక్టరమ్మ కొండ ఎక్కొద్దంది, కాబట్టి ఇరుముడి ఈ ఊళ్లోనే గుళ్లో ఇస్తారు. మాల వేసే రోజు గురుస్వామి అందరి ముందూ పిలిచి, "ముందు సెప్పులేసుకో స్వామీ, తర్వాత మాల" అన్నారు. వెనక వరసలో ఒకరిద్దరు గుసగుసలాడారు. మా ఆయన మెడ ఎర్రబడింది, కానీ వేసుకున్నారు. మూడో రోజు ఒక పెద్ద స్వామి మా ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి, ఆ చెప్పులు ఎక్కడ దొరుకుతాయని అడిగి పోయాడు. ఆయనకూ షుగరేనట. పదిహేనేళ్లుగా.

ఇది చదివేవాళ్లకు ఒక్కటి చెబుతాను. మాలలో ఉన్న స్వామి కనబడితే పాదాలకు దండం పెట్టడం మన ఆచారం. పోయినేడు ఆ ఇరవై ఏడు రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆయన పాదాలకు మొక్కారు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మొక్కాను. కొందరు పూలు పెట్టారు, కొందరు తల ఆనించారు. ఆయన పాదం కుళ్లుతున్న రోజుల్లోనూ మొక్కాం. అంతమందిలో ఒక్కరమూ అరికాలు తిప్పి చూడలేదు. మీ ఇంట్లో షుగర్ ఉన్న మనిషి ఉంటే నొప్పి ఉందా అని అడగకండి, వాళ్లకు తెలియదు. ప్రతి సాయంత్రం కూర్చోబెట్టి, లైటు వేసి, కాలు మీ ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులు విడదీసి అరికాలు చూడండి. దండం ఆ తర్వాత పెట్టుకోవచ్చు.